జూమ్ గొప్పదా, చెయ్యి గొప్పదా: రెండు ఫోన్లను పోల్చి తేల్చుకోవడం ఎలా?

"నా ఫోను మార్చాలా?" అని అడిగేవారు నాకు దాదాపు ఎప్పుడూ రెండు ఫోటోలు పంపుతారు. ఒకటి తమది. అందులో దూరంగా ఉన్న మనిషి ముఖం వానకు తడిసిన రంగు బొమ్మలా అలుక్కుపోయి ఉంటుంది. రెండోది బావమరిదిదో, ఆఫీసులో పక్క సీటాయనదో. అందులో చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టవచ్చు. ఇవి చూసి ఏ ఫోను కొనాలో చెప్పమంటారు. చెప్పలేను. ఫోన్లు వేరు, తీసిన చేతులు వేరు, నిలబడిన చోట్లు వేరు, వెలుతురు వేరు. ఇన్ని తేడాలున్న చోట తప్పు ఫోనుదే అని ఎలా అంటాం?

ఈ పొరపాటు నేనూ చేశాను. ఖైరతాబాద్ గణపతి దర్శనానికి వెళ్లినప్పుడు మా తోడల్లుడు తీసిన ఫోటోలో స్వామి కళ్లు చక్కగా వచ్చాయి, నా ఫోటోలో మసకబారాయి. ఆ రాత్రే కొత్త ఫోన్ల ధరలు చూడడం మొదలుపెట్టాను. మర్నాడు తీరిగ్గా అందరి ఫోటోలూ తిరగేస్తుంటే ఒకదానిలో ఆయనే కనిపించాడు. బారికేడ్ గొట్టం మీద రెండు మోచేతులూ ఆనించి, కదలకుండా నిలబడి తీస్తున్నాడు. నేనేమో ఒక చేత్తో ప్రసాదం సంచి పట్టుకుని, రెండో చెయ్యి జనం తలల మీదుగా పైకెత్తి తీశాను. తర్వాత ఒక ఆదివారం ఇద్దరం ఫోన్లు మార్చుకుని తీసి చూశాం. ఆ పద్ధతినే కొంచెం సాపు చేసి ఇక్కడ ఇస్తున్నాను. ఒక ఉదయం, ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు.

కావలసినవి

• రెండు ఫోన్లు, ఇద్దరు మనుషులు. సౌలభ్యం కోసం ఒక దాన్ని నల్ల ఫోను, రెండో దాన్ని నీలం ఫోను అందాం. మనుషులు మీరు, మీ బావమరిది.
• మార్కులు వేయడానికి మూడో మనిషి. ఏ ఫోటో ఎవరిదో తెలియకూడదు. మొహమాటం లేనివారైతే మరీ మంచిది. ఈ పనికి మా అత్తగారిని మించినవారు లేరు.
• ఒక తెల్ల కాగితం, స్కెచ్ పెన్ను, కొలత టేపు.
• ట్రైపాడ్. లేకపోతే సగం నింపిన బియ్యం సంచిని డాబా పిట్టగోడ మీద పెట్టి, అందులో ఫోనును అదిమి నిలబెట్టండి. గాలికి ఊగే చవక ట్రైపాడ్ కంటే బియ్యం సంచే నయం.
• ఫోటోలు పెద్దగా చూడడానికి కంప్యూటర్.

లెక్క ఒక్కటి తెలిస్తే చాలు. అసలు జూమ్ లెన్సు చేస్తుంది. ఉత్త జూమ్ అంటే ఉన్న చిత్రాన్ని కత్తిరించి పెద్దది చేయడమే. 50 మెగాపిక్సెళ్ల కెమెరాలో కత్తిరింపు ద్వారా 5 రెట్లు దగ్గరకు తెస్తే మిగిలేది అందులో 25వ వంతు, అంటే 2 మెగాపిక్సెళ్లు. పెట్టె మీద 100 రెట్లు అని రాసి ఉన్నా, లెన్సు ఇచ్చేది ఎంత, కత్తెర ఇచ్చేది ఎంత అన్నదే ప్రశ్న. పెద్ద అంకె ఉన్నదే మేలనీ కాదు. శామ్‌సంగ్ 2023లో తెచ్చిన గెలాక్సీ ఎస్23 అల్ట్రాలో 10 రెట్ల లెన్సుకు 10 మెగాపిక్సెళ్ల సెన్సర్ (వెలుతురును పట్టి చిత్రంగా మార్చే చిప్పు) ఉండేది. 2024 నాటి ఎస్24 అల్ట్రాలో దాని స్థానంలో 5 రెట్ల లెన్సు, 50 మెగాపిక్సెళ్ల సెన్సర్ వచ్చాయి. అంకె సగమైంది కాబట్టి ఫోను దిగజారిందనడానికి లేదు, తీసి చూడాల్సిందే.

ఇక పని మొదలుపెట్టండి.

1. లెన్సులు తుడవండి. నవ్వకండి. నా దగ్గరకు వచ్చిన "జూమ్ పాడైంది" ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తీరిపోయాయి. జేబులో ఉండే ఫోను లెన్సు మీద వేలి జిడ్డు పేరుకుంటుంది. కళ్లజోడు తుడిచే మెత్తటి గుడ్డతో తుడవండి, చొక్కా అంచుతో కాదు. లెన్సుల మీద అదనంగా అతికించిన గాజు బిళ్ల ఉంటే దాన్నీ గమనించండి. అది గీతలు పడి ఉంటే ఎంత ఖరీదైన ఫోనైనా ఏమీ చేయలేదు.

2. రెండు ఫోన్లనూ ఒకే మెట్టు మీద నిలబెట్టండి. ఫిల్టర్లు, ముఖాన్ని నునుపు చేసే సదుపాయాలు రెండింటిలోనూ ఆపేయండి. ఒక దానిలో 12 మెగాపిక్సెళ్లు, రెండో దానిలో 200 పెట్టి తీస్తే పోలిక కుదరదు. మామూలుగా ఫోను ఏ స్థితిలో తెరుచుకుంటుందో ఆ స్థితిలోనే తీయండి, మీరు రోజూ వాడేది అదే కదా.

3. మీ ఫోను నిజంగా ఏ లెన్సు వాడుతోందో కనిపెట్టండి. తెర మీద 5 రెట్లు అని చూపినంత మాత్రాన 5 రెట్ల లెన్సు పనిచేస్తున్నట్టు కాదు. వెలుతురు తగ్గినా, వస్తువు మరీ దగ్గరగా ఉన్నా, ఫోను చడీచప్పుడు లేకుండా ప్రధాన కెమెరాకు మారి దాన్నే కత్తిరించి ఇస్తుంది. తెలుసుకోవడానికి వేలి పరీక్ష ఉంది. జూమ్ 5 రెట్ల దగ్గర ఉంచి, వెనుక ఉన్న ప్రధాన లెన్సును వేలితో మూయండి. తెర మీద చిత్రం చెక్కు చెదరకపోతే టెలీ లెన్సే, అంటే దూరపు వాటిని దగ్గరగా చూపే విడి లెన్సే పనిచేస్తోంది. చిత్రం నల్లబడితే మీరు చూస్తున్నది కత్తిరింపు. చాలామంది దీన్ని తలకిందులుగా, అంటే టెలీ లెన్సును మూసి చేస్తారు. అప్పుడు కొన్ని ఫోన్లు చీకటి పడిందనుకుని ప్రధాన కెమెరాకు మారిపోయి మిమ్మల్ని మోసం చేస్తాయి.

ఈ పరీక్ష మూడుసార్లు చేయండి: ఎండలో దూరపు వస్తువు మీద, మూరెడు దూరంలో ఉన్న పువ్వు మీద, దీపాలు పెట్టే వేళ. మూడింటికీ మూడు జవాబులు రావచ్చు. తీసిన తర్వాత చూసుకోవాలంటే గూగుల్ ఫోటోస్‌లో ఆ ఫోటోను పైకి జరపండి. లెన్సు వివరాలు, షట్టర్ వేగం (ఫోటోకు వెలుతురు పట్టిన సమయం), ఐఎస్ఓ (వెలుతురును ఎంత పెంచి చూపిందో చెప్పే అంకె) కనిపిస్తాయి. 1 రెట్టు దగ్గర తీసిన ఫోటోకూ 5 రెట్ల ఫోటోకూ ఎఫ్ అంకె (లెన్సు ఎంత వెలుతురును లోపలికి రానిస్తుందో చెప్పేది) ఒకటే ఉంటే అనుమానించండి.

4. పోల్చాల్సిన జూమ్ స్థాయిలు రెండు ఎంచుకోండి. ఒకటి మీరు ఎక్కువగా వాడేది, ఉదాహరణకు పిల్లల బడి వార్షికోత్సవంలో వేదిక మీద ఉన్న వారిని తీసేందుకు 3 రెట్లు. రెండోది రెండు ఫోన్లనూ ఇబ్బంది పెట్టేది, 10 రెట్లు. ఒక ఫోనుకు 3 రెట్ల లెన్సు, రెండో దానికి 5 రెట్ల లెన్సు ఉంటే మాత్రం జాగ్రత్త. ఒకే ఏడాది, 2023లో వచ్చిన ఐఫోన్ 15 ప్రోకు 3 రెట్లు, 15 ప్రో మ్యాక్స్‌కు 5 రెట్లు. 3 దగ్గర పోలిస్తే రెండోది కత్తిరిస్తుంది, 5 దగ్గర పోలిస్తే మొదటిది కత్తిరిస్తుంది. ఏ ఒక్క స్థాయి దగ్గర చూసి తీర్పు చెప్పినా ఒకరికి అన్యాయం జరుగుతుంది.

5. అక్షరాల కాగితం తయారు చేయండి. కంటి డాక్టరు గోడకు తగిలించే పట్టిక లాంటిదే, కానీ తెలుగులో. పై వరుసలో అక్షరాలు 2 సెంటీమీటర్ల ఎత్తు, దాని కింద 1 సెంటీమీటరు, తర్వాత 5 మిల్లీమీటర్లు, చివర 3 మిల్లీమీటర్లు. అక్షరాలు ఇలా ఎంచుకోండి: ర, ఠ, ధ, థ, ప, ఫ. ర కీ ఠ కీ మధ్య తేడా ఒక్క చుక్క. ధ, థ ల సంగతీ అంతే. ప కింద చిన్న గీత తగిలితే ఫ. జూమ్ పసను పట్టివ్వడానికి ఇంతకంటే మంచి సాధనం నేను చూడలేదు. చిన్నప్పుడు పలకల మీద దిద్దీ దిద్దీ విసిగిన చుక్కలు ఇన్నాళ్లకు పనికొచ్చాయి.

వాటిని వరుస తప్పించి రాయండి. మాటలు రాయవద్దు, పత్రిక శీర్షికలు అసలే వద్దు. "ముఖ్య" అన్నంత వరకు కనిపిస్తే "మంత్రి" అని మిగతాది మన బుర్రే పూరిస్తుంది, ఆ మార్కు అన్యాయంగా ఫోనుకు పోతుంది. కాగితాన్ని నీడపట్టున ఉన్న గోడకు అతికించండి. నిన్నటి దినపత్రిక పేజీ ఒకటి పక్కనే అతికిస్తే కాగితపు గరుకుదనం ఎలా వచ్చిందో కూడా చూడవచ్చు.

6. ముందు ఫోన్లకు పరీక్ష. కాగితం నుంచి 20 అడుగులు కొలిచి, అక్కడ ట్రైపాడ్ పెట్టండి. నల్ల ఫోను బిగించి, కాగితం మీద తాకి ఫోకస్ కుదిర్చి, 3 సెకన్ల టైమర్ పెట్టి ఒక్కో జూమ్ స్థాయిలో 5 ఫోటోలు తీయండి. తర్వాత అదే చోట నీలం ఫోను. తెరను వేలితో నొక్కి తీస్తే ఆ కాస్త కుదుపే 10 రెట్లై కనిపిస్తుంది, అందుకే టైమర్. ఇందులో చేతి ప్రమేయం లేదు. ఇక్కడ వచ్చిన తేడా పూర్తిగా ఫోనుది. ఐదింటిలో అన్నిటికంటే మంచి ఫోటోనే లెక్కలోకి తీసుకోండి.

7. ఇప్పుడు చేతులకు పరీక్ష. ఈ మెట్టే ముఖ్యం, అందరూ దాటవేసేదీ ఇదే. అదే 20 అడుగుల గీత మీద నిలబడి, ట్రైపాడ్ లేకుండా, మీరు నల్ల ఫోనుతో 10, నీలం ఫోనుతో 10 తీయండి. బావమరిది కూడా అలాగే. ఒక్కో జూమ్ స్థాయికి మొత్తం 40. పదింటిలో ఎన్ని ఫోటోల్లో 1 సెంటీమీటరు వరుస తప్పు లేకుండా చదవగలుగుతున్నారో లెక్కపెట్టాలి. గమనించండి, ట్రైపాడ్ దగ్గర అన్నిటికంటే మంచిది ఒక్కటి చూశాం, ఇక్కడ పదికి ఎన్ని అని చూస్తున్నాం. ఎవరికైనా ఒకటి అదృష్టవశాత్తు బాగా వస్తుంది. నిలకడ ఉన్న చేతికి తొమ్మిది వస్తాయి.

ఒకరు తీస్తుంటే రెండోవారు సలహాలు ఇవ్వకూడదు. మా ఇంట్లో సగం సమయం దీనికే పోయింది.

8. దూరపు పరీక్షకు ట్యాంక్‌బండ్‌కు వెళ్లండి. ఉదయం 8 లోపు వెళ్లాలి. ఎండ ఎక్కాక రోడ్డు మీద, గట్టు మీద వేడి గాలి అలలుగా లేస్తుంది. దాని గుండా చూస్తే ఏ లెన్సుకైనా గీతలు వంకరగా కదులుతాయి. అది ఫోను లోపం కాదు, మధ్యాహ్నం లోపం. చలికాలం మంచు తెర ఉన్న రోజు కూడా మానుకోండి.

హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధ విగ్రహం ఈ పనికి బాగా సరిపోతుంది. 1992లో ప్రతిష్ఠించిన ఆ ఏకశిలా విగ్రహం దాదాపు 18 మీటర్ల ఎత్తు. ఎత్తిన కుడి చేతి వేళ్ల మధ్య సందులు, వస్త్రం మడతల అంచులు, భుజం మీద వాలిన పక్షులు ఎంత స్పష్టంగా విడివిడిగా వచ్చాయో చూడండి. దగ్గరి పరీక్షకు గట్టు మీద వరుసగా నిలబడ్డ తెలుగు ప్రముఖుల విగ్రహాలు ఉన్నాయి. వారు కదలరు, రెప్ప వేయరు, "ఇంకొకటి తీయవా" అని అడగరు. 40 అడుగుల దూరం నుంచి ముఖం మీద ముడతలు, కనుబొమల చెక్కడం పోల్చండి. పాదచారులకు అడ్డం కాకుండా నిలబడండి. రోడ్డు మీదకు వెనక్కి వెనక్కి నడుస్తూ ఫ్రేము కుదుర్చుకోవద్దు.

9. రాత్రి పరీక్ష విడిగా చేయండి. పగలు గెలిచిన ఫోను రాత్రి ఓడిపోవడం మామూలే. టెలీ లెన్సులోకి వెలుతురు తక్కువ వస్తుంది, దాని సెన్సర్ కూడా సాధారణంగా చిన్నది. చార్మినార్ దగ్గర దీపాలు వెలిగాక నాలుగు వైపులా ఉన్న గడియారాల్లో ఒకదాన్ని తీయండి. 1889 నుంచి ఉన్నాయి అవి. ముళ్లు ఏ నిమిషం మీద ఉన్నాయో చదవగలిగితే ఆ ఫోను పాసైనట్టే. దుర్గం చెరువు తీగల వంతెన కూడా బాగుంటుంది, కానీ వంతెన మీద నిలబడి తీయవద్దు. వాహనాలు పోతుంటే కింద అదురుతుంది, ట్రైపాడ్ పెట్టినా ప్రయోజనం ఉండదు. చెరువు గట్టు నుంచి తీయండి.

చంద్రుణ్ని మాత్రం పరీక్షకు పెట్టకండి. చంద్రుడు ఎప్పుడూ మనకు ఒకే ముఖం చూపుతాడు కాబట్టి, ఆ ముఖం ఎలా ఉంటుందో ఫోనుకు ముందే నేర్పవచ్చు. 2023లో ఒకరు చంద్రుడి చిత్రాన్ని కావాలనే మసకబార్చి, కంప్యూటర్ తెర మీద పెట్టి, శామ్‌సంగ్ ఫోనుతో తీస్తే అందులో లేని వివరాలు ఫోటోలో వచ్చాయి. చంద్రుణ్ని గుర్తుపట్టి వివరాలను మెరుగుపరిచే కృత్రిమ మేధ తమ కెమెరాలో ఉందని ఆ కంపెనీ కూడా వివరించింది. తప్పని అనను, కానీ అది లెన్సుకు పరీక్ష కాదు.

10. ఫోటోలను చెడగొట్టకుండా కంప్యూటర్‌లోకి తీసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుంచించుకుపోతుంది. మీరు ఇంత కష్టపడి తీసిన చుక్కలన్నీ అక్కడే రాలిపోతాయి. కేబుల్ వాడండి, లేదా వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి. ఫోను తెర మీదే పోల్చవద్దు. ఒక తెర వెలుగు ఎక్కువ, ఒక తెర రంగు ఎక్కువ. మీరు కెమెరాలను కాక తెరలను పోలుస్తున్నట్టవుతుంది.

11. పేర్లు మార్చి మార్కులు వేయించండి. ఫైళ్లకు 1, 2, 3 అని కలగాపులగంగా అంకెలు పెట్టి, ఏది ఎవరిదో వేరే కాగితం మీద రాసి దాచండి. మార్కులు వేసేవారు కనిపించిన అక్షరాలను పైకి చదవాలి, మీరు అసలు కాగితంతో సరిచూడాలి. "బాగుంది" అన్న మాటకు మార్కు లేదు.

ఇక్కడే ఒక దొంగను పట్టుకోవచ్చు. కొన్ని ఫోన్లు కనిపించని చోట తామే గీతలు అల్లి నింపుతాయి. ఇంగ్లిషు అక్షరాలైతే మన కన్ను మోసపోవచ్చు. తెలుగులో మాత్రం వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే ఏ బడిలోనూ నేర్పని అక్షరం ఒకటి పుట్టుకొస్తుంది, అంచులు పదునుగా, నల్లగా, ఎంతో నమ్మకంగా. అలాంటి దానికి సున్నా వేయండి. మసకగా ఉన్న నిజమైన ఠ కంటే పదునుగా ఉన్న దొంగ అక్షరం చెడ్డది.

ఫలితం చదవడం

చేతులతో తీసిన 40 ఫోటోల మార్కులు నాలుగు గళ్లలో రాయండి. ఉదాహరణకు ఇలా వచ్చాయనుకుందాం.

బావమరిది, నీలం ఫోను: పదికి 9
బావమరిది, నల్ల ఫోను: పదికి 8
మీరు, నీలం ఫోను: పదికి 5
మీరు, నల్ల ఫోను: పదికి 4

ఫోను మారితే తేడా ఒకటి, చెయ్యి మారితే తేడా నాలుగు. డబ్బు దాచుకోండి. అలా కాక ఇద్దరికీ నీలం ఫోనుతో 8, 9, నల్ల ఫోనుతో 3, 4 వస్తే ఫోను తేడాయే, వాదన అక్కరలేదు.

మూడో రకం ఫలితం ఒకటుంది, నాకు అదే ఆసక్తికరం. బావమరిదికి రెండు ఫోన్లతోనూ 9, మీకు నీలం ఫోనుతో 8, నల్ల ఫోనుతో 3. అంటే లెన్సులు సమానమే, కానీ చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు నీలం ఫోనులో మెరుగు. ట్రైపాడ్ ఫోటోలు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఇలాంటప్పుడు రెండు దారులు: ఫోను కొనడం, లేదా చేతిని నిలకడ చేసుకోవడం. రెండోది ఉచితం కాబట్టి ముందు అది ప్రయత్నించండి.

చేతి నిలకడకు

ఫోనును రెండు చేతులతో పట్టుకుని మోచేతులు పక్కటెముకలకు ఆనించండి. గోడ, స్తంభం, కారు తలుపు, ఏది దొరికితే దాన్ని ఆనుకోండి. సగం ఊపిరి వదిలి, ఆపి, శబ్దం పెంచే మీటతో నొక్కండి. 1 రెట్టు దగ్గర వస్తువును మధ్యకు తెచ్చుకుని తర్వాత జూమ్ చేయండి. ముందే 10 రెట్లకు వెళ్లి వెతికితే గడ్డివాములో సూదే. షట్టర్ వేగం కూడా చూసుకోండి: 5 రెట్ల లెన్సు పాత ఫిల్ము కెమెరాల లెక్కలో సుమారు 120 మిల్లీమీటర్ల లెన్సుకు సమానం, అక్కడ సెకనులో 120వ వంతు కంటే నెమ్మదిగా తీస్తే వణుకు పడే అవకాశం పెరుగుతుంది. కదిలే పిల్లలకు అది కూడా చాలదు.

వారం తర్వాత 7వ మెట్టు మళ్లీ చేయండి. 4 కాస్తా 7 అయిందేమో చూడండి.

నైపుణ్యం అంటే ఇదేనా అని అడగవచ్చు. కాదు. నిలకడ అందులో చిన్న ముక్క. మిగతాది చూడాలంటే ఇద్దరూ ఒకే ఫోను తీసుకుని మోజంజాహీ మార్కెట్‌కు వెళ్లండి. ఒక్కొక్కరికి పావుగంట, మూడే ఫోటోలు. గడియారపు గోపురం నుంచి ఐస్‌క్రీమ్ తినే పిల్లల వరకు ఏమైనా తీయవచ్చు. తెలియని మనుషుల ముఖాలు దగ్గరగా తీయాలంటే అడిగి తీయండి. జూమ్ ఉంది కదా అని ఎవరి కిటికీలోకీ చూడకండి. ఆ ఆరు ఫోటోలను పేర్లు లేకుండా నలుగురికి చూపించి, గోడకు పెట్టుకోవాలంటే ఏది అని అడగండి. ఎక్కువసార్లు ఒకరివే ఎంపికైతే ఫోను ఒకటే కాబట్టి సంగతి తేలిపోయింది. ఎంపికైన ఫోటోలో ఎంత జూమ్ వాడారో కూడా చూడండి. తరచుగా నాలుగడుగులు ముందుకు నడిచి తీసినదై ఉంటుంది. నడవడం వల్ల కాని పని కూడా ఒకటుంది. పత్తర్‌గట్టీ వైపు నుంచి వెనక్కి నిలబడి జూమ్ చేస్తే కమాను వెనుక చార్మినార్ పెద్దగా, దగ్గరగా కనిపిస్తుంది. దగ్గరకు నడిస్తే కమాను పెరిగి చార్మినార్ చిన్నబోతుంది. ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో తెలిసినవారి చేతిలో జూమ్‌కు అర్థం ఉంటుంది.

రెండో ఫోను దొరకకపోతే

దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన ఫోనుతో చేయండి. అక్షరాల కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకెళ్లండి, అడిగితే చాలాచోట్ల గోడకు పెట్టనిస్తారు. వద్దంటే దుకాణం ఆ చివర ఉన్న ధరల పట్టీ తీయండి, మీ ఫోనుతోనూ అదే తీయండి. అక్కడి దీపాలు చాలా ప్రకాశంగా ఉంటాయి, అందులో ఏ ఫోనైనా బాగానే తీస్తుంది. అందుకని వీలైతే తలుపు దగ్గరకు వచ్చి వీధి అవతలి బోర్డు కూడా తీయండి, అద్దం గుండా కాదు, అద్దం బయట నుంచి. ప్రదర్శన ఫోను లెన్సును పొద్దున్నుంచి వందమంది తాకి ఉంటారు. ముందు తుడవండి.